వెలికి జపాన్ పెట్టిన పేర్లు

సోషల్ ఎక్స్‌క్లూజన్‌ని జపనీస్‌లో ఏమంటారని అడిగితే నిఘంటువు తీసి వెంటనే చెప్పొచ్చు. 'షకైతెకి హైజో'. షకై అంటే సమాజం. హైజో అంటే తొలగించడం, అడ్డం తీసేయడం. దారిలో పడి ఉన్న దుంగను పక్కకు లాగినా హైజోనే, మనిషిని సమాజంలోంచి పక్కకు నెట్టినా హైజోనే. ఈ మాట జపాన్ నేలలో మొలిచింది కాదు. 1974లో ఫ్రెంచి ప్రభుత్వంలో పనిచేసిన రెనే లెన్వార్ పుస్తకంతో ప్రచారంలోకి వచ్చి, యూరప్ ప్రభుత్వాల కాగితాల మీదుగా నడిచి, 2000లో జపాన్ సంక్షేమ శాఖ నివేదికలోకి దిగింది. ఇల్లు లేనివాళ్ళు, పని పోయినవాళ్ళు, ఒంటరి ముసలివాళ్ళు, గది తలుపు మూసుకుని ఏళ్ళ తరబడి బయటికి రాని యువకులు, వలస వచ్చినవాళ్ళు అందరూ ఈ ఒక్క గొడుగు కిందికి చేరారు. మన దగ్గరా అంతే. పదకొండో ప్రణాళిక కాలంలో యూజీసీ ఇదే పేరుతో విశ్వవిద్యాలయాల్లో కేంద్రాలు పెట్టింది. తెలుగులో కొందరు దీన్ని 'సామాజిక మినహాయింపు' అని రాస్తున్నారు. పన్ను మినహాయింపు వచ్చినంత సంబరంగా ఉంటుంది చదువుతుంటే!

గొడుగు పెద్దదైతే తప్పేంటని అనొచ్చు. తప్పు లేదు. వాళ్ళందరి బాధా బాధే. కానీ ఈ మాటలో ఇద్దరు కనపడకుండా పోయారు. తోసినవాడు లేడు, పుట్టుక లేదు. ఎవరో ఎక్కడో జారిపడ్డట్టు ఉంటుంది, ప్రభుత్వం చెయ్యి అందిస్తే లేచి లోపలికి వస్తారన్నట్టు ఉంటుంది. అయితే ఈ మాట రాకముందు జపాన్‌లో వెలి లేదా? దాన్ని ఏ మాటలతో చెప్పారు? ఎవరు చెప్పారు? రెండేళ్ళు సాయంత్రం క్లాసులకు పోయి జపనీస్ అక్షరాలు దిద్దుకున్నది ఈ ప్రశ్న కోసమే. ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కినవాడికి అక్షరాలు దిద్దడం కొత్త కష్టమేం కాదులెండి.

వెలి గురించిన ఏ మాటనైనా ఒక్కటే అడగాలని ఈ చదువులో నాకు అర్థమైంది. ఈ మాట వేలు ఎవరి వైపు చూపిస్తోంది? వెలేసినవాడి వైపా, వెలికి గురైనవాడి వైపా?

జపాన్ భాషలో తోసేయడానికి పాత మాటలు చాలా ఉన్నాయి. పిల్లల ఆటలో ఒకణ్ణి కలుపుకోకపోతే 'నకమహజురె', గుంపు నుంచి ఊడిపోయినవాడు. ఊరంతా కలిసి ఒక ఇంటిని కట్టేస్తే 'మురహచిబు'. ముర అంటే ఊరు, హచిబు అంటే ఎనిమిది వంతులు. ఊళ్ళో ఒకరికొకరు అక్కరకొచ్చే సందర్భాలు పది అనీ, వెలేసిన ఇంటితో ఎనిమిది తెంపుకుని చావుకూ అగ్గికీ మాత్రం వస్తారనీ జనం చెప్పుకునే వివరణ. ఆ రెండూ దయతో వదిలిపెట్టినవి కాదు. శవం కుళ్ళినా, నిప్పు పాకినా ఊరికే నష్టం గదా! మన కులపంచాయితీలు వేసే వెలి కూడా ఈ రకందే. తప్పు కట్టి, కాళ్ళు పట్టుకుంటే లోపలికి రానిస్తారు. సిద్ధాంతం తెలిసినవాళ్ళు కూడా ఇక్కడే పొరబడుతున్నారు. మురహచిబు లోపల ఉన్నవాడికి వేసే శిక్ష. ఎప్పుడూ లోపలికి రానివ్వనివాణ్ణి, తల్లి కడుపులోంచే బయట పడ్డవాణ్ణి ఏమనాలి? దానికి జపాన్ భాష వాడిన మాట విని మొదట నేను నమ్మలేదు. 'బురాకు'. దాని అర్థం కేవలం పల్లె, నాలుగిళ్ళ గుంపు. తూర్పు జపాన్‌లో చాలాచోట్ల ఇప్పటికీ మామూలు ఊరి వాడను బురాకు అనే అంటారు.

మా గుంటూరు, ప్రకాశం వైపు వాళ్ళకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. పుస్తకాల్లో పల్లె అంటే పచ్చని చేలు, పల్లెపదాలు. మా దగ్గర 'ఊళ్ళో', 'పల్లెలో' అనేవి రెండు వేరు వేరు స్థలాలు. "పల్లెలోంచి ఎవరో వచ్చారు" అని కామందు ఇంట్లో అన్నారంటే వచ్చినవాడు గుమ్మం కింద నిలబడ్డాడని అర్థం. మాల, మాదిగ అన్న ముక్క నోటితో అనక్కర్లేకుండానే పల్లె అన్న మాట ఆ పని చేసిపెడుతుంది. బురాకు చేసిన పనీ అదే.

మాట అంత అమాయకంగా కనిపించడానికి వెనక మూడు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. తొకుగవా పాలనలో చచ్చిన పశువుల్ని ఎత్తి, తోలు ఊనే కులాలవాళ్ళను పడమటి జపాన్‌లో 'కవాతా' అనేవాళ్ళు. అది పని పేరు. వాళ్ళూ తమను అట్లాగే చెప్పుకున్నారు. పాలకుల కాగితాల్లో మాత్రం 'ఎటా' అని రాశారు. రెండు అక్షరాలు: మొదటిది మైల, రెండోది విస్తారం. మైల నిండినవాడన్న మాట. తోలు పనిచేసేవాడి పని పేరు తీసి మైల పేరు పెట్టడం, అదీ రాయడం వచ్చినవాడు పెట్టడం మనకు తెలియంది కాదు. బిచ్చమెత్తేవాళ్ళను, కొన్నిరకాల శిక్షలు పడ్డవాళ్ళను 'హినిన్' అన్నారు. మనిషి కానివాడు. హినిన్‌గా మారినవాడు కొన్ని సందర్భాల్లో తిరిగి మామూలు జనంలో కలవొచ్చు. ఎటాకు ఆ దారి లేదు. మనిషి కానివాడు మనిషి కాగలడట, మైల అన్నవాడు మాత్రం కాలేడట!

1871లో మెయిజీ ప్రభుత్వం ఒక ఉత్తర్వు తెచ్చింది. చరిత్ర పుస్తకాల్లో దీన్ని విముక్తి శాసనం అంటారు. కానీ ఉత్తర్వు మాటలు చూస్తే అది రద్దు చేసింది పేర్లను. ఎటా, హినిన్ అన్న పిలుపులు ఇకమీదట ఉండవు, వృత్తిలోనూ హోదాలోనూ మామూలు జనంతో సమానం అంది. పిలుపు పోయింది. దాంతోపాటు తోలు మీద ఉన్న హక్కూ, పన్నుల రాయితీ కూడా పోయాయి. భూమి రాలేదు. పిలుపు పోయినచోట కొత్త పిలుపు పుట్టింది: 'షిన్ హెయిమిన్', కొత్త సామాన్యులు. 1872 కుటుంబ రిజిస్టర్లలో కొన్నిచోట్ల అట్లా రాసి పెట్టారు. పాత సామాన్యుడెవడూ తన పేరు ముందు 'పాత' అని రాయించుకోలేదు చూడండి. ఆ రిజిస్టర్లు 1968 దాకా ఎవరైనా పోయి చూడగలిగేట్టుగానే ఉన్నాయి. పెళ్ళి కుదిరే ముందు, ఉద్యోగం ఇచ్చే ముందు జనం పోయి చూశారు.

1873లో మిమసాకా ప్రాంతంలో రైతులు కొత్త ప్రభుత్వం మీద తిరగబడ్డారు. సైన్యంలోకి తీసుకునే చట్టం మీద కోపం, పన్నుల మీద కోపం. ఆ కోపం కొత్త సామాన్యుల ఇళ్ళ మీదికి పోయింది. ఇళ్ళు తగలబెట్టారు, 18 మందిని చంపారు. ఇకమీదట మునుపటిలాగే ఒదిగి ఉంటామని క్షమాపణ పత్రాలు రాసిచ్చిన ఊళ్ళను వదిలిపెట్టారు. పిలుపు రద్దయిన రెండేళ్ళకే, ఆ పిలుపుకు తామే తగినవాళ్ళమని వాళ్ళ చేతే సంతకం పెట్టించుకున్నారు. రైతుల తిరుగుబాట్లన్నిటినీ ఒకే గాటన కట్టి కీర్తించే మిత్రులు ఈ పేజీ దగ్గర కాసేపు ఆగాలి.

ఇక సాహిత్యం సంగతి. 1906లో షిమజాకి తోసొన్ సొంత ఖర్చుతో అచ్చువేసుకున్న 'హకాయ్' నవలను ఆధునిక జపాన్ నవలకు మొదటి మెట్టు అంటారు. తోసొన్ బురాకు మనిషి కాడు. కథానాయకుడు ఉషిమత్సు స్కూలు మాస్టరు. పుట్టుక ఎవరికీ చెప్పొద్దని తండ్రి చెప్పిన ఆన. ఆ ఆన తప్పడమే నవల పేరు. నవల మొదట్లోనే డబ్బున్న ఒక పెద్దమనిషి ఎటా అని తెలిసి, ఉషిమత్సు ఉంటున్న అద్దె బసలోంచి అతన్ని వెళ్ళగొడతారు. ఉషిమత్సు ఏమీ అనకుండా వేరే గది వెతుక్కుంటాడు. పుట్టుక దాచకుండా పుస్తకాలు రాసిన రెంతారో అనే మనిషి అతని ఆరాధ్యుడు. ఆయనకు సైతం నిజం చెప్పలేడు. ఆయన్ని రాజకీయ ప్రత్యర్థులు చంపించాకే నోరు విప్పుతాడు.

నేను దీన్ని హాస్టల్లో ఇంగ్లీషు అనువాదంలో మొదటిసారి చదివాను. గది వెతుక్కునే పేజీల దగ్గర పుస్తకం పక్కన పెట్టాల్సి వచ్చింది. పరిశోధనలో చేరిన ఏడాది పట్నంలో ఇంటి యజమానురాలు గదంతా చూపించి, నీళ్ళొచ్చే టైము కూడా చెప్పి, చివర్లో "మీరేమిటోళ్ళు బాబూ?" అంది. నేను మా జిల్లా పేరు చెప్పాను. ఆవిడ మా ఊరి పేరు అడిగింది. ఊరి పేరు చెప్పాను. ఇంటిపేరు అడిగింది. రెంతారో పుస్తకాన్ని అట్టకు కాగితం వేసుకుని చదివే ఉషిమత్సు పిరికివాడని తీర్పు చెప్పే అర్హత నాకు లేదు.

కానీ నవల ముగింపు మీద తీర్పు చెప్పగలను. ఉషిమత్సు తరగతి గదిలో పిల్లల ముందు నేల మీద మోకరించి, ఇన్నాళ్ళూ దాచినందుకు క్షమించమంటాడు. తర్వాత ఉద్యోగం వదిలి, మొదట్లో బసలోంచి వెళ్ళగొట్టబడ్డ ఆ పెద్దమనిషితోపాటు అమెరికాలో టెక్సస్‌కు పోవాలనుకుంటాడు. ఏ తప్పుకు క్షమాపణ? మిమసాకాలో కత్తి చూపించి రాయించుకున్న క్షమాపణ పత్రాన్ని ఇక్కడ రచయిత సానుభూతి చూపించి రాయించుకున్నాడు. ఎటా అన్న మాటను అంత ధైర్యంగా నవల నిండా రాసిన తోసొన్, ఆ మాట పలికే మనిషిని మాత్రం నిలబెట్టలేకపోయాడు. వేలు మళ్ళీ వెలికి గురైనవాడి వైపే తిరిగింది. 1939లో తోసొన్ తనే సవరించి ఎటా లాంటి మాటల్ని తీసేసి వేరేవి పెట్టి మళ్ళీ అచ్చువేశాడు. 1953లో మొదటి పాఠాన్నే తిరిగి తెచ్చారు. మాటలు మారాయి, తిరిగి వచ్చాయి. మోకాళ్ళు మాత్రం రెండు ప్రతుల్లోనూ నేల మీదే ఉన్నాయి. నా దృష్టిలో సవరించాల్సింది ఆ మోకాళ్ళను.

1922 మార్చి 3న క్యోటోలో సుయిహెయిషా పుట్టింది. సుయి అంటే నీరు, హెయి అంటే చదును. నీటిమట్టమంత చదునైన సంఘం. మా నాన్న తాపీ పనికి పోయేవాడు. రసమట్టం గోడ మీద పెట్టి బుడగ మధ్యకు వచ్చిందా లేదా అని ఒక కన్ను మూసి చూసేవాడు. ఈ సంఘం పేరు అర్థమైనప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ బుడగే. అంతకుముందు అధికారులు, సంస్కర్తలు వాడిన మాటలన్నీ బురాకు జనం ఎట్లాంటివాళ్ళో చెప్పే మాటలు: 'ప్రత్యేక పల్లెలు' అనే అర్థంలో 'తొకుషు బురాకు', 'పేదల పల్లెలు' అనే అర్థంలో 'సయిమిన్ బురాకు'. సుయిహెయి జనం గురించి ఏమీ చెప్పదు. నేల ఎట్లా ఉండాలో చెబుతుంది. గోడ వంకర అయితే మట్టాన్ని తిట్టరు గదా, కట్టినవాణ్ణి అడుగుతారు.

ఆ రోజు సభలో రెండు జరిగాయి. సైకో మన్‌కిచి రాసిన ప్రకటన దేశంలోని తన జనాన్ని తొకుషు బురాకు ప్రజలారా అనే సంబోధించింది, ఎటా అయినందుకు గర్వపడే కాలం వచ్చిందని చెప్పింది. అదే సభ తీర్మానం మాత్రం ఎటా, తొకుషు బురాకు అన్న మాటలతో మమ్మల్ని అవమానించేవాళ్ళను గట్టిగా నిలదీస్తామంది. ఈ నిలదీతనే 'క్యూదాన్' అంటారు. ఇది వైరుధ్యం కాదా అని మా క్లాసులో ఒక మిత్రుడు అడిగాడు. వాళ్ళనుకుంటే గర్వం, ఎదుటివాడంటే నేరమా? అవును, అంతే. మాట మాటలోనే ఉండదు, నోట్లో ఉంటుంది. మా అమ్మ నన్ను 'ఒరే మాదిగోడా' అని ముద్దుగా పిలిచిన రోజులున్నాయి. ఆ పిలుపునే రచ్చబండ మీంచి విన్న రోజులూ ఉన్నాయి.

ఆ ఏడే మన దగ్గర ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' వెలువడింది. పల్లె పేరు నవల అట్ట మీదికెక్కింది, దాన్ని రాసింది మాత్రం పల్లె మనిషి కాదు. తోసొన్‌కూ ఉన్నవకూ పోలిక వేరే వ్యాసంలో చూడాల్సిన విషయం.

నాకు తెలిసినంతలో జపాన్‌లో వెలిని అన్నిటికంటే స్పష్టంగా చెప్పింది నవల కాదు, ప్రకటన కాదు, ఒక పటం. 1951లో 'ఆల్ రొమాన్స్' అనే చవకబారు పత్రికలో 'తొకుషు బురాకు' పేరుతో ఒక కథ వచ్చింది. క్యోటోలోని ఒక బురాకు ప్రాంతాన్ని దొంగసారా, కొట్లాటలు, మురికి తప్ప వేరే ఏమీ లేనట్టు రాసిన కథ. రాసింది క్యోటో నగరపాలక సంస్థ ఉద్యోగి. నగరపాలక సంస్థ అది ఒక ఉద్యోగి వ్యక్తిగత తప్పిదమంది. ఉద్యమం అక్కడితో ఆగి, ఆ మనిషి చేత క్షమాపణ చెప్పించుకుని ఉంటే 1922 తీర్మానం మాట నిలిచేది, అంతే. వాళ్ళు అట్లా చేయలేదు. అధికారుల ముందు నగర పటం పరిచారు. కుళాయి నీళ్ళు అందని చోట్లను గుర్తు పెట్టండి అన్నారు. మురుగు కాలవలు లేనివి, అగ్నిమాపక బండి దూరలేనివి పెట్టండి. కంటి జబ్బు ఎక్కువున్నవి, పిల్లలు బడికి రానివి, ప్రభుత్వ సాయం మీద బతికే కుటుంబాలు ఎక్కువున్నవి పెట్టండి. అధికారులే తమ చేతులతో గుర్తులు పెట్టుకుంటూ పోయారు. అన్ని గుర్తులూ ఒకే చోట్ల మీద పడ్డాయి. అవి బురాకు ప్రాంతాలు.

మురికి అని కథలో రాశారు. ఆ మురికి ఎవరి పని? మాట నుంచి మునిసిపాలిటీకి, రచయిత నుంచి పాలనకు వేలు తిప్పిన పని ఇది. కథలో అబద్ధముందని కూడా వాళ్ళు వాదించలేదు. మురికి ఉంది, ఉంచింది మీరు అన్నారు. ఈ సంగతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు మా అమ్మకు చెప్పాను. ఆమె జపాన్ ఎక్కడుందని అడగలేదు. "మరి కుళాయి వేశారా?" అని అడిగింది. తర్వాతి సంవత్సరం నగర బడ్జెట్‌లో ఆ ప్రాంతాల బాగుకు కేటాయింపు పెంచారని చెప్పాను. ఇట్లాంటి పటం మన పంచాయితీ ఆఫీసుల్లో ఎన్నింటిలో పరచొచ్చో ఈ పత్రిక చదివే కార్యకర్తలకు నేను చెప్పాలా?

ఆ ఒత్తిడే 1965 నివేదికకు, 1969 ప్రత్యేక చట్టానికి దారితీసింది. 2002 దాకా 33 ఏళ్ళలో దాదాపు 15 లక్షల కోట్ల యెన్‌లు ఇళ్ళకు, రోడ్లకు, చదువుకు ఖర్చయ్యాయి. చిన్న విషయం కాదు. మట్టి గోడలు పోయి అపార్టుమెంట్లు వచ్చాయి. అయితే ప్రభుత్వం తన కాగితాల్లో బురాకు అనలేదు, 'దోవా' అంది. దో అంటే ఒకటే, వా అంటే సామరస్యం. అందరం ఒకటే, సామరస్యంగా ఉందాం అన్నట్టు వినపడే ఈ మాటలో మైల లేదు, తోలు లేదు, కొట్టినవాడు లేడు. హరిజన అన్న మాటను మనం ఎందుకు తిప్పికొట్టామో తెలిసినవాళ్ళకు దోవా రుచి వెంటనే తెలుస్తుంది. పదేళ్ళు గడిచేసరికి ఆ తీపి మాటకూ మైల అంటింది. 'దోవా వాళ్ళు' అని గుసగుసగా అనడం, వాళ్ళకే అన్నీ ఇస్తున్నారని, ఇది తిరగబడ్డ వివక్ష అని ఏడవడం మొదలైంది. మన రిజర్వేషన్ల మీద వినే ఏడుపు జపనీస్‌లో కూడా ఇంచుమించు ఇదే రాగంలో ఉంటుంది.

1993 ప్రభుత్వ సర్వేలో 4,442 దోవా ప్రాంతాలు, 8,92,751 మంది బురాకు జనం లెక్కకొచ్చారు. మా ఊరు జాబితాలోకి రావద్దు, పేరు బయటపడుతుందని దూరంగా ఉండిపోయిన పల్లెలు ఈ లెక్కలో లేవు. ఇక్కడే జపాన్‌లో తరచు వినపడే ఒక సామెత చెప్పుకోవాలి: పడుకున్న పిల్లను లేపకు. మాట్లాడకుండా ఉంటే వివక్ష దానంతటదే చచ్చిపోతుందనేవాళ్ళు దీన్ని వాడతారు. అనేవాళ్ళలో బయటివాళ్ళే కాదు, బురాకు తల్లిదండ్రులూ ఉన్నారు. ఉషిమత్సు తండ్రి ఆన కూడా ఇదే. వాళ్ళ భయాన్ని నేను తక్కువ చేయను. కానీ పిల్ల పడుకుందా? 1975లో ఒక సంగతి బయటపడింది. దేశంలోని బురాకు ప్రాంతాల పేర్లు, చిరునామాలు అచ్చువేసి కంపెనీలకు రహస్యంగా అమ్మారు. 200కు పైగా కంపెనీలు కొన్నాయి, పేరున్నవీ ఉన్నాయి. ఉద్యోగానికి వచ్చినవాడి ఊరు ఆ పుస్తకంలో చూసుకోవడానికి. పైకి ఎవరూ ఆ మాట పలకరు, అల్మారాలో మాత్రం పుస్తకం ఉంటుంది. మాట అనడం ఇష్టం లేనిచోట నాలుగు వేళ్ళు చూపించేవాళ్ళు, నాలుగు కాళ్ళ జంతువు అని అర్థం వచ్చేలా. భాషలో వెలికి మాట లేదని నేను మొదట అనుకున్నాను. నోరు మూసుకున్నా చెయ్యి మాట్లాడుతూనే ఉంది.

క్యూదాన్ మీద ఒక ఆరోపణ ఉంది. బురాకు ఉద్యమం మాటల్ని వేటాడిందని, పత్రికలూ టీవీలూ భయపడి నిషిద్ధ పదాల జాబితాలు పెట్టుకున్నాయని. కొన్ని నిలదీతలు శ్రుతి మించాయన్నది ఉద్యమంలో ఉన్నవాళ్ళే ఒప్పుకుంటారు. కానీ జాబితాలు పెట్టుకున్నది సంపాదకులు. మాట తీసేస్తే గొడవ రాదనుకున్నారు. 1922 తీర్మానం అడిగింది మాట తీసేయమని కాదు, అవమానం ఆపమని. మాట తీసేసి అవమానం ఉంచుకోవడం వాళ్ళకు సులువైంది.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది సమాధి రాళ్ళ సంగతి. జపాన్‌లో చనిపోయినవాళ్ళకు బౌద్ధ గుడి ఒక కొత్త పేరు పెడుతుంది. ఆ పేరు రాతి మీద చెక్కుతారు, గుడి పుస్తకంలో రాస్తారు. బురాకు వాళ్ళకు పెట్టిన పేర్లలో పశువు, తోలు, సేవకుడు అనే అర్థాలొచ్చే అక్షరాలు కలిపారు. చదవడం రాని కుటుంబం ఆ రాయికి తరతరాలుగా దణ్ణం పెట్టుకుంది. 1979లో ప్రిన్స్‌టన్‌లో జరిగిన ప్రపంచ మతాల సభలో జపాన్ బౌద్ధ సమాఖ్య అధ్యక్షుడు మా దేశంలో బురాకు వివక్ష లేనే లేదన్నాడు. అది వివాదమై, ఆయన సోతో శాఖే తన గుళ్ళలో వెతికించింది, రాళ్ళు బయటపడ్డాయి, క్షమాపణ చెప్పింది. నాగపూర్ దీక్షాభూమికి పోయివచ్చినవాళ్ళం మనం. బౌద్ధం మన చేతిలో ఆయుధం. కానీ బౌద్ధమనే పేరు ఉన్నంత మాత్రాన ఆ గుడిలో కులం ఉండదని అనుకోవడానికి లేదని ఆ రాళ్ళు చెబుతున్నాయి. బాబాసాహెబ్ కొత్త దారి వెతికింది ఊరికే కాదు. ఈ మాట మనలో కొందరికి నచ్చదని నాకు తెలుసు.

నకగామి కెంజి (1946-1992) వచ్చి ఈ మాటల గొడవను వేరే వైపు తిప్పాడు. వకయామా జిల్లా షింగూ పట్నంలో బురాకులో పుట్టి, యుద్ధం తర్వాత పుట్టిన తరంలో మొదటగా అకుతగావా బహుమతి అందుకున్నవాడు. తన కథల్లో ఆ వాడను బురాకు అనలేదు, దోవా అనలేదు. 'రోజి' అన్నాడు, సందు అని. ఇదీ దాచడమేనా? మొదట నాకు అట్లాగే అనిపించింది. 1982 నాటి 'సెన్నెన్ నో యురాకు' చదివాక అభిప్రాయం మార్చుకున్నాను. అందులో ఓర్యూ అనే ముసలమ్మ ఉంది. మంత్రసాని. చదువు రాదు. ఆ సందులో పుట్టిన ప్రతి బిడ్డా ఆమె చేతుల మీదుగా వచ్చినవాడే, పుట్టినరోజులూ చచ్చినరోజులూ అన్నీ ఆమె తలలో ఉంటాయి. ప్రభుత్వం దగ్గర ఒక రిజిస్టరు, గుడి దగ్గర ఒక పుస్తకం, కంపెనీ దగ్గర ఒక జాబితా. వీటన్నిటికీ ఎదురుగా ఒక నిరక్షరాస్య మంత్రసాని జ్ఞాపకం. రోజి బయటివాడికి చిరునామా ఇవ్వదు. లోపలివాడికి మాత్రం ప్రతి గుమ్మం తెలుసు. నకగామి మగవాళ్ళ నెత్తురూ మదమూ అంటూ పేజీలు పేజీలు పోవడం నాకు నచ్చదు, ఆ సందులో ఆడవాళ్ళ చాకిరీకి అంత చోటు దొరకలేదు. అయినా అతని జనం ఎవరి ముందూ మోకరించరు.

ఇక ప్రభుత్వాల భాష. 1965 నాటి జాతి వివక్ష వ్యతిరేక ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో 'డిసెంట్' అనే మాట ఉంది. ఆ మాటను ముసాయిదాలో చేర్పించింది భారతదేశమే. దాని కిందికి కులం వస్తుందని దళితులంటే, రాదని మన ప్రభుత్వం వాదిస్తూ వచ్చింది. జపాన్ 1995లో ఆ ఒప్పందంలో చేరింది. డిసెంట్‌కు 'సెయికెయి' అనే మాట పెట్టింది. ఎవరూ నోటితో అనని వంశావళి మాట. ఆ పైన అది జాతి మూలానికి సంబంధించింది, బురాకు వాళ్ళకు వర్తించదంది. రెండు ప్రభుత్వాలు, రెండు భాషలు, ఒకటే వాదన! 2002లో ఆ ఒప్పందం కమిటీ కులం, కులం లాంటి వారసత్వ హోదాలు డిసెంట్ కిందికి వస్తాయని స్పష్టంగా చెప్పింది. దళితులూ బురాకు జనమూ కలిసి తిరిగి సాధించుకున్న వాక్యం అది. ఆ సభల వరండాల్లో రెండు జనాలవాళ్ళూ ఒకరి మాట ఒకరికి అర్థం చేయించుకోవడానికి పడ్డ తంటాలు ఎవరైనా రాస్తే బాగుండు.

2016 డిసెంబరులో జపాన్ పార్లమెంటు చేసిన చట్టం పేరులోనే 'బురాకు వివక్ష' అని ఉంది. 1969 చట్టం అనలేకపోయిన మాటను ఇది అంది. శిక్షల్లేవు, బురాకు అంటే ఏమిటో నిర్వచనమూ లేదు. ఆ ఏడే 1936 నాటి పాత సర్వేలోని ఊళ్ళ పేర్లను కొందరు ఇంటర్నెట్‌లో పెట్టారు. 1975 పుస్తకం కొనాలంటే కనీసం డబ్బులు కట్టాల్సివచ్చేది. 2023లో టోక్యో హైకోర్టు అట్లా పెట్టడం చట్టవిరుద్ధమని, వివక్షకు గురికాకుండా బతకడం మనిషి హక్కని చెప్పింది.

ఉద్యమం ఈ రోజుల్లో వాడే మాట 'హిసబెత్సు బురాకు'. సబెత్సు అంటే వివక్ష. ముందున్న 'హి' చిన్న అక్షరమే కానీ గట్టిది. ముద్దాయి, బాధితుడు అనే మాటల ముందు కూడా అదే ఉంటుంది. ఎవరో చేస్తే మీద పడింది అని దాని భావం. చేసినవాడి పేరు చెప్పకపోయినా చేసినవాడున్నాడని ఆ అక్షరం సాక్ష్యం చెబుతుంది. దళిత అనే మాట నిర్మాణమూ అంతే గదా. చీల్చబడిన, తొక్కబడిన. చీల్చిందెవరు అనే ప్రశ్న దాని కడుపులోనే ఉంది. షకైతెకి హైజోలో ఆ ప్రశ్న లేదు.

హకాయ్‌ని తెలుగు చేద్దామని ఇద్దరు మిత్రులు పని మొదలుపెట్టారు. నమూనాగా చేసిన రెండు అధ్యాయాలు చూశాను. ఎటా వచ్చిన ప్రతిచోటా 'దళితుడు' అని పెట్టారు. బసలోంచి వెళ్ళగొట్టేవాడి నోటి నుంచి దళితుడు అన్న గౌరవం రాదు, ఆ మాట మనం సంపాదించుకున్నది. అక్కడ ఎటా అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట అక్షరాల అర్థం చెప్పండి. షిన్ హెయిమిన్‌కి 'కొత్త సామాన్యులు' సరిపోతుంది. హిసబెత్సు బురాకు ఆ నవల నాటికి లేని మాట, ముందుమాటలో వస్తే 'వివక్షకు గురిచేసిన పల్లె' అనండి, 'గురైన' అని మాత్రం అనొద్దు. చివరి అధ్యాయంలో మోకరించే చోట అనువాదకులు ఏమీ మార్చడానికి వీల్లేదు. అక్కడ మన మాట చెప్పుకోవడానికి ముందుమాటలో చోటు అట్టేపెట్టండి, అది నేను రాస్తాను.